మూడు వేల డాలర్ల జర్మన్ కారు.. డెట్రాయిట్ చలికాలం!

ఆ ఫొటో పెట్టకుండా ఉండాల్సింది.

నల్లటి జర్మన్ సెడాన్. దాని పక్కన బొద్దు జాకెట్‌లో నేను. వెనక అంతా తెల్లటి మంచు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేచేసరికి మిర్యాలగూడ మొత్తానికి తెలిసిపోయింది. ‘కంగ్రాట్స్ రా, కోటి ఉంటదా?’ అని బావ. ‘మనోళ్లల్ల ఫస్ట్ నువ్వే కొన్నవ్’ అని చిన్నప్పటి ఫ్రెండ్. అమ్మ అయితే ఏకంగా గుళ్లో కొబ్బరికాయ కొట్టించేసింది.

ఏ మోడల్ ఇయర్ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ కారు వయసు 17 ఏళ్లు. తిరిగింది 1,58,000 మైళ్లు, అంటే రెండున్నర లక్షల కిలోమీటర్లు. నేను పెట్టింది 2,900 డాలర్లు. మన దగ్గర కొత్త బుల్లెట్ బండి ధరకు కొంచెం అటూ ఇటూ. మా డెట్రాయిట్ వైపు ఇలాంటి కారులో ఎవరైనా దిగితే ‘డబ్బున్నోడు’ అనుకోరు. ‘పాపం, మంచి టయోటా కొనడానికి డబ్బు చాల్లేదేమో’ అనుకుంటారు. అదే బ్యాడ్జీ, అదే కారు. మిర్యాలగూడలో ఒక అర్థం, మిషిగన్‌లో ఇంకో అర్థం. ఆ రెండు అర్థాల మధ్య నేను ఒక చలికాలం మొత్తం నలిగాను. ఆ కథే ఇది.

కారు లేకపోతే కాళ్లు లేనట్టే

నేనుండేది నోవైలో. డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉండే సబర్బ్. తెలుగువాళ్లు బాగా ఎక్కువ. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, ఆదివారం క్రికెట్ ఉంటుంది. ఆఫీసు మాత్రం వారెన్‌లో, ఊరికి అటు చివర. ఐ-696 అనే ఫ్రీవే మీద పోను సుమారు 25 మైళ్లు, రాను 25 మైళ్లు. మధ్యలో బస్సు మారుతూ పోదామంటే సగం రోజు రోడ్డు మీదే అయిపోతుంది.

అసలు ఈ ఊళ్లు కట్టిందే కార్ల కోసం. పక్కనే డియర్‌బోర్న్‌లో ఫోర్డ్, డెట్రాయిట్‌లో జనరల్ మోటార్స్, అటు ఆబర్న్ హిల్స్‌లో క్రైస్లర్. ఊరి నడిమధ్య నుంచి పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1909లోనే ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేశారు. అమెరికాలో కాంక్రీటు హైవేకు అదే మొదటి మైలు అని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. అలాంటి చోట కారు లేని మనిషి అంటే చెప్పుల్లేకుండా ఎండలో నడిచేవాడితో సమానం.

మొదట్లో ఒక కొలీగ్ కారులో పోయేవాడిని, పెట్రోలు సగం నాది. నవంబర్ మొదట్లో ఆయనకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. క్యాబ్ చూస్తే ఒకవైపుకే 45 డాలర్లు. నెలకు 20 రోజులు, రెండు వైపులా లెక్కేస్తే 1,800 డాలర్లు. అది నా అపార్ట్‌మెంట్ వాటాకు రెట్టింపు కన్నా ఎక్కువ.

మానేసి ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చుగా అంటారా? నేను ఓపీటీ మీద ఉన్నాను. చదువు అయ్యాక మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం మీద 90 రోజులకు మించి ఉండకూడదు. ఈ ఉద్యోగం దొరకడానికే అందులో 71 రోజులు అయిపోయాయి. ఇక ఊళ్లో మా ఇంటి కాగితాలు ఎడ్యుకేషన్ లోన్ కింద బ్యాంకులో ఉన్నాయి. నెల తిరిగేసరికి 60 వేల రూపాయల ఈఎంఐ. కారు కొనాల్సిందే, వెంటనే కొనాల్సిందే, చేతిలో ఉన్న 5,500 డాలర్లలోనే కొనాల్సిందే.

చవకగా ఎందుకు వస్తుంది?

రూమ్మేట్‌ది తెనాలి. వాడిదీ నాదీ ఒకటే మాట, ‘కరోలా కొనుక్కోవడం మంచిది’. అందరూ చెప్పేది అదే, నిజమూ అదే. కానీ అందరూ అదే కొంటారు కాబట్టి దాని ధర దిగదు. నాకు నచ్చిన కరోలాలు 8, 9 వేల డాలర్ల దగ్గర ఆగాయి. 5 వేలలోపు దొరికినవాటికి ఒకదానికి యాక్సిడెంట్ చరిత్ర, ఇంకోదానికి అడుగంతా తుప్పు.

ఆ వెతుకులాటలోనే ఇది కనిపించింది. ఆన్ ఆర్బర్‌లో, 3,400 డాలర్లకు. లెదర్ సీట్లు, సీటు కింద హీటర్, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే ఆల్ వీల్ డ్రైవ్. కొత్తప్పుడు 50 వేల డాలర్ల పైచిలుకు కారు.

ఇంత ఖరీదైన కారు ఇంత కిందికి ఎలా పడుతుందో అర్థం చేసుకుంటే సగం మోసం తప్పుతుంది. ఇక్కడ లగ్జరీ కార్లు చాలావరకు మూడేళ్ల లీజు మీద వెళ్తాయి. మూడేళ్లు కాగానే ఆ మనిషి కొత్తది తీసుకుంటాడు. రెండో ఓనర్ వారంటీ ఉన్నంతవరకు వాడతాడు. మూడో ఓనర్‌కు మొదటి పెద్ద బిల్లు వస్తుంది, వెంటనే అమ్మేస్తాడు. అలా చేతులు మారుతూ ధర పడిపోతుంది. కానీ విడిభాగాల ధర పడదు. 50 వేల డాలర్ల కారు 3 వేలకు దిగినా, దానికి వేసే వాటర్ పంప్ మాత్రం 50 వేల డాలర్ల కారుదే. దాన్ని విప్పి బిగించడానికి మెకానిక్‌కు పట్టే గంటలూ అవే.

కాబట్టి ఇలాంటి కారుకు రెండుసార్లు ధర కట్టాలి. ఒకసారి అమ్మేవాడికి, ఇంకోసారి కారుకే. మొదటిదాన్ని చూసి సంబరపడేవాళ్లు రెండోదానికి దొరికిపోతారు.

‘కింద చూసినవా?’

మా నాయినది మిర్యాలగూడలో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలన్నీ వరే కాబట్టి నాట్ల సీజన్‌లో ఆయనకు అన్నం తినే తీరిక ఉండదు. జర్మన్ కారును ఆయన చేత్తో ముట్టింది లేదు. కానీ ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడు.

ఆన్ ఆర్బర్‌కు శనివారం పొద్దున్నే బయల్దేరాం, రూమ్మేట్ కారులో. మా దగ్గర్నుంచి అర్ధగంట. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ ఉన్న ఊరు, చెట్లు ఎక్కువ. ఆకులన్నీ రాలిపోయి, ఆ సీజన్‌లో మొదటి మంచు దూదిపింజల్లా పడుతోంది. అమ్మేది రిటైరైన ఓ పెద్దాయన. నేను ముందురోజే చెప్పాను, ‘మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి’ అని. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బులు దాచేస్తుంది. చల్లటి ఇంజిన్ దాచలేదు.

ఆయన ముందుగా కారు చూపించలేదు, ఒక ఫైల్ చూపించాడు. పన్నెండేళ్లుగా చేయించిన ప్రతి పనికీ రసీదు. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ 1,22,000 మైళ్ల దగ్గర మార్చినట్టు కాగితం ఉంది. ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొడతాయి, ఇంజిన్ అక్కడికక్కడే ముగిసిపోతుంది. అందుకే చెబుతున్నా.. బ్యాడ్జీ కన్నా ఆ ఫైలే విలువైనది.

నా దగ్గర 20 డాలర్ల బ్లూటూత్ స్కానర్ ఉంది. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లన్నింటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్ట్ ఉంటుంది. అందులో పెట్టి ఫోన్‌లో చూస్తే లోపలి ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోండి. కొందరు అమ్మేముందు కోడ్లు చెరిపేస్తారు. అలా చెరిపితే కారు తనను తాను చేసుకునే పరీక్షలన్నీ ‘నాట్ రెడీ’ అని చూపిస్తాయి. అంటే పొద్దున్నే ఎవరో తుడిచేశారని. ఈ కారులో అన్నీ ‘రెడీ’. ఒకే ఒక పాత కోడ్ ఉంది, ఆక్సిజన్ సెన్సర్‌ది.

స్టార్ట్ చేశాం. టకటకమని చప్పుడు. నాయినకు వీడియో కాల్ చేసి, ఫోన్ బానెట్ లోపల పెట్టాను.

‘ఆ టకటక ఎంతసేపుంటదో చూడు’ అన్నాడు.

అర నిమిషంలో ఆగిపోయింది.

‘ఆయిల్ పైకెక్కింది, అంతే. ఇంజిన్ బాగనే ఉన్నది. కింద చూసినవా?’

‘పైనంతా నీట్‌గా ఉంది నాయినా. స్క్రాచ్ కూడా లేదు.’

‘పైన ఎవడడిగిండ్రా? కింద చూడు. దమ్ముల తిరిగిన ట్రాక్టర్‌ను కడగకుంట పెడితే ఏమైతదో చిన్నప్పటి సంది చూస్తలేవా? మీ దగ్గర రోడ్డు మీద ఉప్పు పోస్తరని నువ్వే చెప్పినవ్ కదా!’

మంచులో జాకెట్ పరిచి, దాని మీద పడుకుని, కారు కిందికి ఫోన్ పెట్టాను.

ఊరి కింద ఉప్పు

ఇక్కడ కాసేపు కారును పక్కనపెట్టి ఉప్పు గురించి చెప్పాలి. ఎందుకంటే డెట్రాయిట్ చలికాలం అంటే మంచు ఒక్కటే కాదు, ఉప్పు కూడా.

నీళ్లు గడ్డకట్టకుండా ఉండాలంటే ఉప్పు కలపాలి. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టదు, ఇంకా కిందికి పోవాలి. అందుకే మంచు పడగానే లారీలు రాళ్ల ఉప్పు చల్లుకుంటూ పోతాయి. అయితే దానికీ ఒక హద్దుంది. మైనస్ 9 సెల్సియస్ దాటి చలి ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. అలాంటి రోజుల్లో రోడ్డు నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది కానీ మీద అద్దంలా పలచటి ఐస్ ఉంటుంది. ‘బ్లాక్ ఐస్’ అంటారు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఉప్పు ఎక్కడి నుంచో రానక్కర్లేదు. డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది. దాదాపు 1,100 అడుగుల లోతున, 1,500 ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. లోపల రోడ్లే సుమారు 100 మైళ్లు ఉంటాయట. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న సముద్రం ఎండిపోయి మిగిల్చిన ఉప్పు అది. గని షాఫ్ట్ పూర్తయింది 1910లో. పెద్ద యంత్రాలు ఆ షాఫ్ట్‌లో పట్టవు కాబట్టి ముక్కలుగా విప్పి దించి, కింద మళ్లీ బిగిస్తారు. కార్లు తయారుచేసే ఊరు, ఆ కార్లను తినేసే ఉప్పు మీదే కూర్చుని ఉందన్నమాట!

ఆ ఉప్పునీళ్లు చక్రాల నుంచి చిమ్మి కారు అడుగున అంటుకుంటాయి. బ్రేక్ పైపులు, సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే అంచులు మెల్లగా తుప్పుపట్టిపోతాయి. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. మిషిగన్‌లో ఏటా కారుకు తప్పనిసరి సేఫ్టీ తనిఖీ లేదు. కాబట్టి అడుగున ఏముందో చూసుకోవాల్సింది కొనేవాడే.

నా వీడియో చూసి నాయిన, ‘తెల్వదు బిడ్డా, ఫోన్ల చూస్తే అర్థమైత లేదు. ఎవడన్న మేస్త్రీకి చూపించు. వంద డాలర్లు పోతే పోనీ’ అన్నాడు.

డియర్‌బోర్న్ మేస్త్రీ

పెద్దాయన ఒప్పుకున్నాడు. కారును డియర్‌బోర్న్‌లో ఒక చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాం. డియర్‌బోర్న్‌లో అరబ్ కుటుంబాలు ఎక్కువ. గ్యారేజీ నడిపే మనిషి లెబనాన్ నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా యూరప్ కార్లే బాగుచేస్తున్నాడు. చిన్న కప్పులో చిక్కటి కాఫీ పోసి ఇచ్చి, కారును లిఫ్ట్ మీద పైకెత్తాడు. ఫీజు 150 డాలర్లు.

ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగంతా పొడుచుకుంటూ పోయాడు. మా నాయిన ట్రాక్టర్ ట్రాలీని పొడిచి చూసినట్టే! బాడీ షీటుకు జింక్ పూత ఉంది కాబట్టి అది బాగానే ఉంది. వెనక బ్రేక్ పైపులకు పైపైన తుప్పు, ఇంకో రెండేళ్లు ఆగుతాయి. చివరగా ఇంజిన్ వెనక ఒక ప్లాస్టిక్ ముక్క మీద టార్చ్ వేసి చూపించాడు. కూలెంట్ పైపులు కలిసే చోటు. అంచున తెల్లటి చార.

‘ఇది కారడం మొదలుపెట్టింది. ఈ చలికాలమో, వచ్చే చలికాలమో పోతుంది. ఇప్పుడే మార్చేస్తే 600 డాలర్లు. రోడ్డు మీద పోతే 600తో ఆగదు’ అన్నాడు.

ఆ చార చూపించి పెద్దాయనతో బేరమాడాను. 3,400 కాస్తా 2,900 అయింది. టాక్స్ 6 శాతం, అంటే 174 డాలర్లు. ఇన్సూరెన్స్ ఆరు నెలలకు 1,140. అమెరికాలో కారు ఇన్సూరెన్స్ బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో మిషిగన్ ఒకటి. కొన్నాక అడగడం కాదు, కొనకముందే కొటేషన్ తీసుకోండి. ఇన్సూరెన్స్ నెలనెలా కట్టేలా పెట్టుకున్నాను.

తగ్గిన 500 డాలర్లు ఎక్కడికి పోవాలి? ఆ ప్లాస్టిక్ ముక్కకే పోవాలి. నాకూ తెలుసు. కానీ ‘వచ్చే చలికాలమో’ అన్నాడు కదా, చూద్దాంలే అనుకున్నాను. ఆ రెండో ధర కట్టడం వాయిదా వేశాను.

చీకట్లో పోవడం, చీకట్లో రావడం

డెట్రాయిట్‌లో జనవరిలో సూర్యుడు ఉదయించేసరికి ఎనిమిదవుతుంది. సాయంత్రం ఐదు దాటగానే మళ్లీ చీకటి. ఆఫీసు ఏడున్నరకు. అంటే వారంలో ఐదు రోజులు నేను ఎండ చూసేది అద్దాల్లోంచే.

పొద్దున 6:10కి పార్కింగ్‌లోకి వస్తే కారు అద్దం మీద ఐస్ పెంకు. దాన్ని గీకడానికే పది నిమిషాలు. లోపల కూర్చుని సీటు హీటర్ బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో నడుం కింద వెచ్చగా అవుతుంది. అమ్మ వేసిన దుప్పటి కప్పుకున్నట్టే ఉంటుంది. ఒప్పుకుంటాను, ఆ రెండు నిమిషాల కోసమే ఈ కార్లంటే పిచ్చి పుడుతుంది. 17 ఏళ్లయినా తలుపు వేస్తే ‘దబ్’ అని బరువుగా మూసుకుంటుంది. ఐ-696 మీద ట్రక్కులు పక్కనుంచి పోతున్నా లోపల మాట్లాడుకోవచ్చు. అప్పుడు ఊళ్లో టైమ్ సాయంత్రం నాలుగున్నర దాటి ఉంటుంది. నాయిన టీ తాగే వేళ. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతూ పోయేవాడిని.

ఇక్కడి రోడ్లకు ఇంకో తమాషా ఉంది. పెద్ద రోడ్ల మీద చాలాచోట్ల నేరుగా ఎడమకు తిరగనివ్వరు. ముందుకు పోయి, డివైడర్ దగ్గర యూ-టర్న్ కొట్టి, వెనక్కొచ్చి కుడికి తిరగాలి. ‘మిషిగన్ లెఫ్ట్’ అంటారు. మామూలు రోజుల్లో అలవాటైపోతుంది. మంచు మీద మాత్రం ఆ యూ-టర్న్ దగ్గర ప్రాణం గొంతులోకి వస్తుంది.

డిసెంబర్ రెండోవారంలో ఎగ్జిట్ ర్యాంప్ దిగుతున్నాను. అప్పటిదాకా ఆల్ వీల్ డ్రైవ్ మీద నాకు పిచ్చి నమ్మకం. పక్కవాళ్ల చక్రాలు గిర్రున తిరుగుతుంటే నేను జామ్మని కదిలేవాడిని. ర్యాంప్ చివర రెడ్ లైట్. బ్రేక్ వేశాను. పెడల్ కింద గడగడమని వణుకు తప్ప కారు ఆగలేదు. అలా జారుతూ వెళ్లి, ముందున్న వ్యాన్‌కు రెండడుగుల దూరంలో ఆగింది.

ఆరోజు అర్థమైంది. ఆల్ వీల్ డ్రైవ్ కారును కదిలిస్తుంది, ఆపదు. ఆపేది టైర్లు. ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి చలి వెళ్తే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది. వింటర్ టైర్లు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటాయి. ఆ వారమే రిమ్ములతో సహా వాడిన వింటర్ టైర్లు కొన్నాను, 380 డాలర్లు. ఇంకో వారానికి బ్యాటరీ చచ్చింది, 210. ఈ కార్లలో కొన్నింటికి కొత్త బ్యాటరీ పెడితే, ఆ సంగతి కారు కంప్యూటర్‌కు కూడా చెప్పాలి. ఆ కోడింగ్ ఖర్చు అందులోనే.

అప్పటికి చేతిలో అటూ ఇటూగా 1,500 మిగిలాయి. ‘బండి ఎంతకు కొన్నవో అంత పక్కన పెట్టుకో’ అన్నాడు నాయిన మొదట్లోనే. అందులో దాదాపు సగమే ఉంది. కానీ అప్పటికే ఆ స్టేటస్ ఫొటో తన పని తాను చేసుకుపోతోంది.

ఫొటో ఖరీదు

జనవరి మొదట్లో ఒకరోజు పొద్దున కారులో ఉండగా నాయిన గొంతు వేరేగా ఉంది.

‘బాబాయి వచ్చి కూసున్నడు రా. చెల్లె పెండ్లికి మూడు లక్షలు కావాల్నట. పెద్ద కారు కొన్నడు కదా, వాడికి లెక్కనా అంటున్నడు.’

‘నువ్వేమన్నావ్?’

‘ఏమంట? లేదంటే నమ్ముతడా? ఫొటో అందరు చూసిండ్రాయె.’

నాయినకు కారు ధర తెలుసు. వయసు తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. షెడ్డుకు వచ్చినవాళ్లంతా ‘కొడుకు జర్మన్ కారు కొన్నడట’ అంటుంటే, ముప్పై ఏళ్లు ఆయిల్ మసిలో పనిచేసిన మనిషికి ఆ మాట తియ్యగా ఉండింది. కాదని చెప్పలేకపోయాడు. నేనూ అంతే. స్టేటస్ పెట్టిందే నేను కదా!

ఇద్దరం నిజం చెప్పలేక, లక్ష రూపాయలు పంపాలని తేల్చుకున్నాం. 1,200 డాలర్లు పంపేశాను.

పద్దెనిమిది రోజుల తర్వాత, సాయంత్రం 6:40. బయట మైనస్ 14. ఐ-696 మీద ఇంటికి వస్తున్నాను. ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర హీటర్ నుంచి చల్లగాలి మొదలైంది. హీటర్‌కు వేడినిచ్చేది ఇంజిన్ కూలెంటే కాబట్టి, ఉన్నట్టుండి చల్లగాలి వస్తే కూలెంట్ ఖాళీ అవుతోందని అర్థం. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం హీటర్ పాడైందనుకుని ఇంకో మైలు నడిపాను. టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. అద్దం మీద తియ్యటి వాసనతో ఆవిరి.

షోల్డర్‌లో ఆపి ఇంజిన్ కట్టేశాను. టోయింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే గంటకు పైగా పడుతుందన్నారు. మంచు పడితే అందరి కార్లూ ఆగేది ఒకేసారి కదా.

డిక్కీలో ఒక దుప్పటి, పార, గ్లవ్స్, నాలుగు గ్రానోలా బార్లు ఉన్నాయి. చలికాలం ఇక్కడ బండి నడిపేవాళ్లు ఇవి లేకుండా బయటికి రాకూడదు. దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు కాలివేళ్లు తెలియడం మానేశాయి. పక్కనుంచి ట్రక్కు పోయినప్పుడల్లా కారు ఊగేది. ఇంజిన్ ఒక్కసారి స్టార్ట్ చేస్తే హీటర్ వస్తుందేమో అని చేయి తాళం దాకా పోయింది. వేడెక్కిన ఇంజిన్‌ను కూలెంట్ లేకుండా తిప్పితే సిలిండర్ హెడ్ వంకరపోతుంది. అప్పుడిక కారే ఉండదు. కారు లేకపోతే ఉద్యోగం ఉండదు. చేయి వెనక్కి తీసుకున్నాను.

తెనాలి రూమ్మేట్ ఫ్లాస్క్‌లో టీ పట్టుకుని నలభై నిమిషాల్లో వచ్చాడు. వాడి కారులో కూర్చుంటే పళ్లు టకటకలాడుతున్నాయి. ‘నీ లిఫ్టర్ల సౌండ్ వస్తోంది రా’ అని నవ్వాడు వాడు.

టోయింగ్ 140. ఆ ప్లాస్టిక్ ముక్క, థర్మోస్టాట్, కూలెంట్, పని కలిపి 640. చేతిలో ఉన్నది 300. మిగతాది రూమ్మేట్ పెట్టాడు. మేస్త్రీ ఏమీ అనలేదు. పగిలిన ముక్కను మాత్రం ఒక కవర్లో వేసి నా చేతికిచ్చాడు.

‘అది పాత బండి’

ఆ రాత్రి పగిలిన ముక్క ఫొటో, బిల్లు ఫొటో రెండూ నాయినకు పంపాను. రూపాయల్లోకి మార్చి రాశాను. కిందనే ఇంకో లైన్: ‘ఆ 1,200 పంపకుండా ఉంటే అప్పు చేసేవాడిని కాదు.’

పంపాక బాధేసింది. తప్పు ఆయనొక్కడిది కాదు. నవంబర్‌లోనే ఆ ముక్క మార్చకపోవడం నా తప్పు, ఫొటో పెట్టడం నా తప్పు.

రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు అమ్మ చెప్పింది. ఆదివారం చుట్టాలంతా పెళ్లి మాటలకు కూర్చున్నప్పుడు, ఎవరో మళ్లీ కారు సంగతి ఎత్తారట. నాయిన ఫోన్ తీసి బిల్లు అందరికీ చూపించాడట. ‘అది పదిహేడేండ్ల పాత బండి. బుల్లెట్ పైసలకు కొన్నడు. మంచుల ఆగిపోతే చలికి వణుక్కుంట కూసున్నడు. నా కొడుకు కాడ పైసల్లేవు’ అన్నాడట. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదట. పెళ్లిలో టెంట్ హౌస్ ఖర్చు తగ్గించుకుని, మార్చిలో 40 వేలు తిరిగి పంపాడు. మిగతాది మేమూ అడగలేదు.

ఆ తర్వాత నాయిన ఫోన్లు మారిపోయాయి. ‘మంచిగున్నవా’ కన్నా ముందు ‘కూలెంట్ చూసినవా’ అంటాడు. ‘వారానికోపారి కిందికెల్లి కడుగు, దమ్ము ట్రాక్టర్ లెక్క’ అంటాడు. ఇక్కడి మెకానిక్‌లు చెప్పేదీ అచ్చం అదే. పైన మెరిపించడం కాదు, అడుగున ఉప్పు కడగాలి.

మీరూ కొనాలనుకుంటే..

ఐదు నెలల లెక్క ఇదీ. కారు, టాక్స్ కలిపి 3,074. తనిఖీ 150, టైర్లు 380, బ్యాటరీ 210, టోయింగ్ 140, కూలెంట్ పని 640, ఆయిల్ మార్పు 110. మొత్తం 4,704 డాలర్లు. ఇన్సూరెన్స్, ప్రీమియం పెట్రోలు వేరు. ఐదు నెలలు క్యాబ్‌లో పోయుంటే 9 వేలు అయ్యేది. అలా చూస్తే గెలిచాను. కానీ చేతిలో 9 వేలు ఉండి ఉంటే కళ్లు మూసుకుని కరోలానే కొనేవాడిని. మీరూ అదే చేయండి.

తప్పనిసరై ఇలాంటిదే తీసుకుంటే..

1. కారు కన్నా ముందు రసీదుల ఫైల్ అడగండి. లేకపోతే వెనక్కి వచ్చేయండి.
2. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి వినండి. స్కానర్‌లో ‘రెడీ’ ఉందో లేదో చూడండి.
3. లిఫ్ట్ మీద ఎక్కించి, యూరప్ కార్లు తెలిసిన మేస్త్రీతో అడుగు చూపించండి.
4. కొన్న ధరంత డబ్బు పక్కన ఉండాలి. దాన్ని ఎవరి పెళ్లికీ పంపొద్దు.
5. మేస్త్రీ ‘పోతుంది’ అన్నది పోకముందే మార్చండి.
6. డబ్బు టైర్లకు ముందు పెట్టండి, సోకులకు తర్వాత.
7. స్టేటస్ పెడితే, మోడల్ ఇయర్ కూడా రాయండి!

ఏప్రిల్‌లో మంచు కరిగింది. రోడ్ల మీద గుంతలు బయటపడ్డాయి. ఒక ఆదివారం సెల్ఫ్ వాష్‌కు తీసుకెళ్లి, నేల మీద దాదాపు పడుకుని, ప్రెషర్ పైపుతో కారు అడుగంతా కడిగాను. నీళ్లు తెల్లగా కారుతూనే ఉన్నాయి. ఒళ్లంతా తడిసి, మొహం నిండా బురదతో ఉన్న నన్ను రూమ్మేట్ ఫొటో తీసి మా నాయినకు పంపాడు.

మర్నాడు చూస్తే, అది నాయిన వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. కింద ఒకే లైన్ రాశాడు.

‘పాత బండి. మా వాడే కడుగుతుండు.’